స్వామికార్యం, స్వకార్యం

చారిటీ సైకిల్ యాత్రలో తొక్కేవాడు ఒకడు, డబ్బిచ్చేవాడు ఇంకొకడు, అందుకునేది మూడో పక్షం. ఫలానా ఆదివారం ఫలానా ఊరిదాకా తొక్కుతానని తొక్కేవాడు ముందే చాటి, ఆ పేరు చెప్పి తెలిసినవాళ్లందరి దగ్గరా ఒక సంస్థకు విరాళం అడుగుతాడు. బ్రిటన్‌లో ఒకప్పుడు దీనికి ఒక కాగితం ఉండేది. మైలుకు ఇన్ని పెన్నీలని ఇరుగుపొరుగువాళ్లు, ఆఫీసువాళ్లు దానిమీద పేరుతో సహా రాసేవారు. యాత్ర ముగిశాక తొక్కినవాడే మళ్లీ గడపగడపకూ తిరిగి వసూలు చేసుకోవాలి. తొక్కడంకన్నా ఆ వసూలే కష్టం. 2000ల మొదట్లో జస్ట్‌గివింగ్ వంటి ఆన్‌లైన్ వేదికలు వచ్చి ఆ కాగితాన్ని వెబ్ పేజీగా మార్చాయి. డబ్బు ముందే పడుతుంది, వసూలు బెడద లేదు. కాకపోతే కాగితం చూపించాలంటే ఎదుటికి వెళ్లి నిలబడాలి. పేజీకి ఆ మొహమాటం లేదు. ఇప్పుడు చెప్పబోయే వివాదమంతా ఇక్కడే పుట్టింది.

ఇలాంటి యాత్రల్లో పేరుపడ్డది లండన్–బ్రైటన్. బ్రిటిష్ హార్ట్ ఫౌండేషన్ జూన్‌లో నడిపే ఈ యాత్ర దక్షిణ లండన్‌లోని క్లాపమ్ కామన్ మైదానంలో బయల్దేరి, 54 మైళ్లు, అంటే దాదాపు 87 కిలోమీటర్లు సాగి సముద్రపుటొడ్డున ముగుస్తుంది. బ్రైటన్‌కు వెబ్ లోకంలోనూ స్థానం ఉంది. క్లియర్‌లెఫ్ట్ అనే డిజైన్ సంస్థ 2005లో అక్కడే మొదలైంది. డీకన్‌స్ట్రక్ట్ అనే వెబ్ సదస్సు కూడా అదే ఏడు అక్కడే మొదలైంది. మన వివాదంలో ఒక పక్షం బ్రైటన్‌లో కాపురముంటున్న తెలుగు వెబ్ డిజైనర్. రెండో పక్షం లండన్‌లో ఆడిటర్‌గా పనిచేస్తున్న అతని బావ. ఇద్దరూ కల్పిత వ్యక్తులే. వాదనలు మాత్రం ఆ రెండు వృత్తుల్లోనూ వినబడేవే.

తగువుకు కారణం డిజైనర్ తెలిసినవాళ్లందరికీ పంపిన ఒక సందేశం. పాత సంస్థలో పని ముగిసిందనీ, కొత్తచోట చేరాననీ, మధ్యలో విడి పనులు కూడా ఒప్పుకుంటాననీ మొదటి సగం. వచ్చేనెల బ్రైటన్ యాత్ర తొక్కుతున్నాననీ, గుండెజబ్బుల పరిశోధనకు తోచినంత ఇమ్మనీ రెండో సగం.

ఆడిటర్ మొదటి ఆక్షేపణ ఈ కలగలుపు మీదే. “స్వామికార్యం, స్వకార్యం రెండూ ఒకే కవర్లో పెట్టావు. చదివినవాడు నిన్ను పనికోసం తిరుగుతున్నాడనుకోవాలా, పుణ్యంకోసమా? మనవైపు దానమంటే గుప్తదానం అంటారు. నువ్వింకా పెడలు మీద కాలే పెట్టలేదు, అప్పుడే డప్పు మొదలెట్టావు.”

“గుప్తంగా ఉండాల్సింది ఇచ్చేవాడు బావా, అడిగేవాడు కాదు. జోలె పట్టినవాడు నోరు మూసుకుంటే జోలె నిండుతుందా?”

“జోలె సంగతి సరే. ఉద్యోగం సంగతి ఎందుకు అందులో?”

ఉద్యోగ విశేషాలు తరచుగా చెప్పుకోవడం వెబ్ డిజైనర్ల విషయంలో ఒట్టి డాబు కాదు. ఈ వృత్తిలో పనిముట్లు నిలవవు. 1990లలో పేజీని అమర్చాలంటే లెక్కల పట్టికలకోసం పుట్టిన టేబుల్స్‌నే అడ్డదారిలో వాడేవారు. రూపురేఖలకు వేరే భాష ఉండాలని హోకోన్ వియుమ్ లీ 1994లో ప్రతిపాదించాడు. సీఎస్ఎస్ అనే ఆ భాషకు మొదటి ప్రమాణం 1996 డిసెంబరులో వచ్చింది. బ్రౌజర్లు దాన్ని సవ్యంగా పాటించడానికి మరికొన్నేళ్లు పట్టింది. ఈలోగా పేజీల్లో బొమ్మలను కదిలించే ఫ్లాష్ రాజ్యమేలింది. 2007లో వచ్చిన ఐఫోన్ ఫ్లాష్‌ను లోపలికి రానివ్వలేదు. అరచేతి తెరకూ బల్లమీది తెరకూ ఒకే పేజీ ఒదిగేలా రాయవచ్చని ఈథన్ మార్కాట్ 2010 మే నెలలో రెస్పాన్సివ్ డిజైన్ పేరుతో వ్యాసం రాశాడు. 2017లో పేజీని గళ్లుగా అమర్చే సీఎస్ఎస్ గ్రిడ్ ప్రధాన బ్రౌజర్లన్నిటికీ చేరింది. 2020 డిసెంబరు 31తో ఫ్లాష్‌కు దాన్ని తయారుచేసే అడోబీయే మంగళం పాడింది. ఇన్ని మార్పుల మధ్య ఒకే మనిషి విజిటింగ్ కార్డు మీద వెబ్‌మాస్టర్, వెబ్ డిజైనర్, ఫ్రంట్ ఎండ్ డెవలపర్, యూఎక్స్ డిజైనర్, ప్రొడక్ట్ డిజైనర్ అని వరసగా అచ్చయి ఉండవచ్చు. చేసే పనిలో సగం అదే, పేరు మాత్రం అది కాదు.

డిజైనర్ ఆ బాధనే చెప్పాడు. “మీ జమాఖర్చుల పద్ధతి మీద పచోలీ పుస్తకం రాసింది 1494లో. అయిదొందల ఏళ్లుగా మీ డెబిట్ డెబిట్టే, క్రెడిట్ క్రెడిట్టే. నేను కాలేజీలో నేర్చుకున్నది ఈరోజు చెబితే నవ్వుతారు. మేస్త్రీ తను కట్టిన ఇల్లు ఇరవై ఏళ్ల తర్వాతైనా వేలుపెట్టి చూపిస్తాడు. నేను కట్టిన సైటు యజమాని మారితే ఆ రాత్రికే మాయం. నేను ఏం చేస్తున్నానో నేను చెప్పుకోకపోతే చెప్పేవాళ్లెవరూ లేరు.”

“చెప్పుకో. వద్దన్నదెవరు? విడిగా చెప్పుకో అంటున్నా. పెళ్లి శుభలేఖలో కిరాణాకొట్టు ప్రకటన వేయరు కదా!”

ఈ పోలికకు డిజైనర్ వెంటనే జవాబివ్వలేదు. అతని వృత్తిలోనూ అదే నియమం ఉండటమే కారణం: ఒక పేజీ చదువరిని ఒక పనే అడగాలి. రెండడిగితే రెండూ జరగవు. సొంత సందేశంలో ఆ నియమాన్ని తప్పినవాడు బావతో వాదించి నెగ్గడం కష్టమే.

రెండో ఆక్షేపణ లోతైనది. “డబ్బు కావాలంటే డబ్బడుగు. దానికి సైకిలెందుకు? నువ్వు తొక్కితే ఎవరి గుండెలో ఏ నాళం తెరుచుకుంటుంది? మంచి పనికి నడుంనొప్పి పూచీకత్తా?”

తర్కానికి ఆడిటర్ మాటే నిలుస్తుంది. మనుషులు మాత్రం అలా ఇవ్వరు. క్రిస్టఫర్ ఒలివోలా, ఎల్డార్ షఫీర్ అనే పరిశోధకులు 2013లో ప్రచురించిన అధ్యయనంలో, విరాళం సేకరించే పద్ధతిలో శ్రమ, నొప్పి ఉంటే జనం ఎక్కువ ఇవ్వడానికి సిద్ధపడుతున్నట్టు తేలింది. విందుభోజనంలాంటి హాయైన పద్ధతికన్నా పరుగుపందెంలాంటి కష్టమైన పద్ధతికే మొగ్గు. దీనికి వాళ్లు పెట్టిన పేరు మార్టర్డమ్ ఎఫెక్ట్, త్యాగప్రభావం అనుకోవచ్చు.

డిజైనర్‌కు అధ్యయనం అక్కర్లేదు, అలిపిరి చాలు. “మూడున్నర వేల మెట్లు కాలినడకన ఎక్కుతానని మొక్కుకుంటారు. బస్సులో వెళ్లినా దేవుడు అక్కడే ఉంటాడు. మరి మెట్లెందుకు? ఆ ఆయాసమే మాటకు సాక్ష్యం.”

“మెట్లెక్కేవాడు ఎదురొచ్చినవాళ్లను పదేసి పౌండ్లు అడగడు.”

“ముడుపు కట్టేవాడు ఇంటింటా బిచ్చమెత్తి కడతానని మొక్కుకోవడం నువ్వు చూడలేదా?”

ఆడిటర్ చూశాడు. ఏడుకొండలవాడి పేరు చెప్పి గుమ్మంలో నిలబడ్డ పసుపుబట్టలవాళ్లకు అతని తల్లి బియ్యం పోసేది. పక్కింట్లో కారున్నాయన కూడా ఒక ఏడు అలా జోలెపట్టుకు వచ్చాడు. అడగడానికి సిగ్గుపడే మనిషికి మొక్కు ఒక నెపం ఇచ్చేది. సైకిల్ చేసే పని కూడా బహుశా అంతే. అది డబ్బు పుట్టించదు, అడిగే ధైర్యం పుట్టిస్తుంది. అడిగించుకునేవాడికీ అది సుఖమే, ఎందుకిచ్చావని ఎవరన్నా అంటే చెప్పడానికి ఒక కారణం దొరుకుతుంది.

అక్కడినుంచి మాట ఖర్చులమీదికి మళ్లింది. అది ఆడిటర్ సొంత పొలం. తారు రోడ్డుమీద వేలమందిని నడిపించాలంటే ట్రాఫిక్ ఆపాలి, మంచినీళ్లు పెట్టాలి, ప్రథమ చికిత్స మనుషులుండాలి, బీమా ఉండాలి. ఇదంతా ఎవరి డబ్బు?

దీనికి రెండు పాత ఉదాహరణలు అమెరికాలో ఉన్నాయి. డ్యాన్ పలోటా అనే వ్యాపారి 1994లో ఎయిడ్స్ బాధితుల సాయంకోసం శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి లాస్ ఏంజెలిస్‌కు సైకిల్ యాత్ర పెట్టాడు. భారీ ప్రకటనలు, గుడారాల ఊళ్లు, లాభాపేక్షగల సంస్థ చేతిలో నిర్వహణ. డబ్బు కుప్పలుగా వచ్చింది, ఖర్చులమీద విమర్శలూ వచ్చాయి. 2002లో అతని సంస్థ మూతపడింది. ఖర్చు శాతం చూసి సేవాసంస్థలకు మార్కులు వేయడమే తప్పని అతను 2008లో ‘అన్‌ఛారిటబుల్’ అనే పుస్తకం రాశాడు. రెండో ఉదాహరణ బాస్టన్ వైపు పాన్-మాస్ ఛాలెంజ్. బిల్లీ స్టార్ 1980లో 36 మందితో మొదలుపెట్టిన ఈ యాత్ర తొలి ఏడాది డేనా-ఫార్బర్ క్యాన్సర్ సంస్థకు 10,200 డాలర్లు ఇచ్చింది. నిర్వహణ ఖర్చును రుసుములతో, కంపెనీల ప్రాయోజకత్వంతో గట్టెక్కించి, తొక్కేవాళ్లు సేకరించిన ప్రతి డాలరునూ ఆసుపత్రికే పంపడం ఇప్పుడు అక్కడి పద్ధతి.

“చూశావా, రెండో పద్ధతి కుదిరే పనే” అన్నాడు ఆడిటర్. డిజైనర్ ఒప్పుకోలేదు. “స్పాన్సర్ కంపెనీ ఇచ్చింది మాత్రం డబ్బు కాదా? ఆ చెక్కు నేరుగా ఆసుపత్రికే రాయొచ్చుగా. నువ్వు ఖర్చును ఈ పేజీలోంచి ఆ పేజీలోకి మార్చావు, ఖర్చు పోలేదు.” ఆడిటర్‌కు ఎదురు ఆడిటింగ్ జరిగిన సందర్భం ఇదొక్కటే. పలోటా వదిలిన దారిలో 2002 నుంచి సాగిన ఎయిడ్స్/లైఫ్‌సైకిల్ యాత్ర ఏడు రోజుల్లో 545 మైళ్లు. పెరిగిన ఖర్చు, తగ్గిన జనం కలిసి దాన్ని 2025తో ముగించాయి. ఖర్చు ప్రశ్న పలోటా ఒక్కడిదే కాదని అది చెబుతుంది.

ఇక ఆడిటర్ దగ్గరున్న బలమైన అస్త్రం. “54 మైళ్లు తొక్కేవాళ్లు వేలమంది. విరాళం ఫారం సరిగ్గా గీయగలవాళ్లు ఎందరు? పక్షవాతమొచ్చిన ముసలాయన వణికే వేలితో నొక్కలేని బటన్లు ఎన్ని సంస్థల పేజీల్లో లేవు? ఆ ఆదివారం కుర్చీలో కూర్చుని అది బాగుచెయ్యి. నీ కాళ్లకన్నా నీ చేతులు ఖరీదైనవి.”

ఈ మాటలో బరువుంది. వెబ్ అందుబాటు ప్రమాణాలు 1999 నుంచీ ఉన్నాయి. 2008లో వచ్చిన రెండో ప్రమాణం మామూలు అక్షరానికీ వెనుక రంగుకూ మధ్య కనీసం 4.5:1 తేడా ఉండాలని చెప్పింది. 2023 అక్టోబరులో వచ్చిన దాని 2.2 రూపం నొక్కే గుర్తుల కనీస వెడల్పు, ఎత్తు 24 పిక్సెళ్లని, కొన్ని మినహాయింపులతో, నిర్ణయించింది. పెద్ద సంస్థలకు ఇవి చూసుకునే సిబ్బంది ఉంటారు. చిన్న సంస్థలకు ఉండరు. బూడిదరంగు అక్షరాలు తెల్లటి కాగితంమీద కళ్లు చికిలించి చదవాల్సిన పేజీల్లో ఎన్ని విరాళాలు సగంలో ఆగిపోతాయో ఏ లెక్కల పుస్తకంలోనూ పడదు.

డిజైనర్ జవాబు తర్కంలోంచి రాలేదు, తగిలిన దెబ్బల్లోంచి వచ్చింది. “ఒక చిన్న సంస్థకు ఊరికే సైటు చేసిపెట్టాను బావా. డబ్బిచ్చే ఖాతాదారు మూడుసార్లు మార్పులు చెప్పి, బిల్లు గుర్తొచ్చి ఆగుతాడు. ఊరికే చేయించుకునేవాడికి ఆ బ్రేకు ఉండదు. లోగో పెద్దది చెయ్యి అన్నారు. మళ్లీ చిన్నది చెయ్యి అన్నారు. రెండేళ్లకు పాస్‌వర్డు తెలిసిన వలంటీరు ఊరు మారిపోయాడు. డొమైన్ గడువు తీరినా పట్టించుకున్నవాళ్లు లేరు. నేను చేసింది మంచిపనే, మిగిలింది ఏమీ లేదు. సైకిల్ తొక్కితే వచ్చిన డబ్బు వాళ్ల ఖాతాలో పడుతుంది, దాన్ని నిలబెట్టడానికి మళ్లీ నేను అక్కర్లేదు.”

ఉచిత నైపుణ్యం విషయంలో ఇది తరచూ జరిగేదే. సైటు కట్టడం ఒక వారం పని, కాపాడటం ఏళ్ల పని. దాత మొదటిది ఇచ్చి పోతాడు. అయినా ఆడిటర్ వాదన ఓడిపోలేదు. ఒక ఫారాన్ని సరిచేసి, ఎలా నడపాలో రాసిపెట్టి, సిబ్బందిలో ఒకరికి నేర్పి రావడం ఒక్క మనిషికి సాధ్యమైన పనే. డిజైనర్ ఇక్కడ తప్పించుకున్నాడనే చెప్పాలి. వారమంతా తెర ముందు కూర్చునేవాడికి ఆదివారం కూడా తెర ముందే కూర్చోవాలని ఉండదు. ఆ మాట అతను బయటికి అనలేదు.

పేజీ సంగతి తీసినప్పుడు మాత్రం ఇద్దరి వృత్తులూ ఒక గట్టుమీదికి వచ్చాయి. బ్రిటన్‌లో గిఫ్ట్ ఎయిడ్ అనే ఏర్పాటు ఉంది. ఆదాయపు పన్ను కట్టేవాడు పౌండు ఇస్తే సంస్థ ప్రభుత్వం దగ్గర మరో 25 పెన్నీలు రాబట్టుకోవచ్చు. నూరు పౌండ్లు నూట పాతిక అవుతాయి. మన దేశంలో విరాళానికి మినహాయింపు వర్తిస్తే దాత పన్ను తగ్గుతుంది. బ్రిటన్‌లో మామూలు పన్ను రేటువాడి విషయంలో ఆ లాభం దాత జేబులోకి రాదు, సంస్థకే పోతుంది. తగినంత పన్ను కట్టనివాడు ఆ గడిలో టిక్ పెడితే తేడా అతనే కట్టుకోవాలి. కనుక ఆ గడి పక్కన రెండు ముక్కలు విడమరిచి రాయడం డిజైనర్ బాధ్యత. యాత్ర ప్రవేశ రుసుము విరాళం కాదు, దానికి గిఫ్ట్ ఎయిడ్ రాదు. ఈ తేడా తెలియక రెండూ కలిపి కూడేసేవాళ్లు చాలామంది.

మొదటి విరాళం ఎంతన్నది కూడా చిన్న విషయం కాదు. 2010 లండన్ మారథాన్‌లో పరిగెత్తినవాళ్ల విరాళాల పేజీలను సారా స్మిత్, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు పరిశీలించారు. అప్పటిదాకా పడ్డ విరాళాల సగటు పది పౌండ్లు పెరిగితే, తర్వాత వచ్చేవాడు సగటున రెండున్నర పౌండ్లు ఎక్కువ ఇస్తున్నాడని తేలింది. పెళ్లిలో చదివింపుల పుస్తకం తెలిసినవాళ్లకు ఇందులో వింతేమీ కనబడదు. మొదటి పేజీలో మేనమామ ఎంత రాశాడో చూశాకే మిగతావాళ్లు పర్సు తీస్తారు.

“అందుకే మొదట నువ్వే ఇవ్వాలి బావా.”

“అంటే నన్ను ఎరగా వేసి నలుగురినీ ఇరుకున పెడతావన్నమాట. అలాంటి కిటుకులకు మీవాళ్లే ఏదో పేరు పెట్టారుగా?”

పెట్టారు. చూసేవాణ్ని తనకు తెలియకుండానే ఒక పనికి ఒప్పించే అమరికలను హ్యారీ బ్రిగ్నల్ అనే బ్రిటిష్ యూఎక్స్ నిపుణుడు 2010లో డార్క్ ప్యాటర్న్స్ అన్నాడు. కొన్ని విరాళ వేదికలు తమ నిర్వహణకోసం కొంత చేర్చమని అడిగే మీట పెడతాయి. అది ముందే కొంత శాతం దగ్గర జరిపి ఉంటే, కదపాలని తోచనివాళ్లందరూ అంత ఇచ్చేస్తారు. ఇతరులు ఇచ్చింది చూపించడం వేరు, దాత చేతిని పట్టుకుని రాయించడం వేరని డిజైనర్ అన్నాడు. ఆ గీత ఎక్కడుందో చెప్పమంటే ఇదమిత్థంగా చెప్పలేకపోయాడు. మొత్తానికి ఆడిటరే మొదటి విరాళం ఇచ్చాడు. గిఫ్ట్ ఎయిడ్ గడిలో టిక్ పెట్టి, మీటను సున్నాకు లాగి, పేరు కనబడకుండా, అంకె కనబడేలా.

యాత్ర విషయానికి వస్తే, బ్రైటన్‌వాడికి ఒక అదనపు చిక్కుంది. ముగింపు అతని ఇంటిదగ్గరే, మొదలు మాత్రం లండన్‌లో. ముందురోజే సైకిల్‌తో అక్కడికి చేరాలి. బావ ఇంట్లో రాత్రి అక్క పులిహోర కలిపింది, పొద్దున్నకు కూడా డబ్బాలో సర్దింది. ఇది మురిపెం మాత్రమే కాదు, శాస్త్రం కూడా. గట్టిగా తొక్కితే కండరాల్లో నిల్వ ఉన్న పిండిపదార్థం రెండు గంటల్లో అడుగంటుతుంది. మధ్యమధ్య ఏదో ఒకటి తినకపోతే కాళ్లు ఒక్కసారిగా మొరాయిస్తాయి. సైక్లిస్టులు దాన్ని బాంక్ అంటారు. పంపు, ఒక విడి ట్యూబు, టైరు ఊడదీసే లీవర్లు, మెత్త కుట్టిన బిగువైన నిక్కరు, ఇవి తప్పనిసరి సామాన్లు. సీటు ఎత్తు అంగుళం తక్కువైతే మోకాలు పట్టేస్తుంది.

దారిలో మొదటి నలభై మైళ్లు పెద్దగా చెప్పుకునేవి కావు. లండన్ శివార్లు దాటితే సర్రే, ససెక్స్ పల్లెలు, వేలాది సైకిళ్లతో ఇరుకైన సందులు, పదేపదే దిగి నడిపించడాలు. అసలు కథ చివరనున్న డిచ్లింగ్ బీకన్ దగ్గర మొదలవుతుంది. 248 మీటర్ల ఎత్తున్న సున్నపురాతి కొండ. 1994లో టూర్ డి ఫ్రాన్స్ ఇంగ్లండ్‌కు వచ్చినప్పుడు పోటీదారులు దీన్నే ఎక్కారు. ఎక్కుడు నిడివి ఒకటిన్నర కిలోమీటర్లకు అటూ ఇటూ, వాలు సగటున తొమ్మిది, పది శాతం మధ్య, మలుపుల దగ్గర ఇంకా ఎక్కువ. అంతకుముందే నలభై పైచిలుకు మైళ్లు తొక్కిన కాళ్లు అవి. అత్యంత చిన్న గేరు వేసినా చాలామంది దిగి సైకిల్‌ను తోసుకుంటూ ఎక్కుతారు. డిజైనర్ కూడా రెండో మలుపులో దిగాడు. దిగి నడిచిన దూరానికి విరాళం తిరిగి ఇవ్వాలా అని ఆడిటర్ తర్వాత అడిగాడు. మైలుకు ఇన్ని పెన్నీల కాలంలోనైతే అది న్యాయమైన ప్రశ్నే. కొండమీద గాలి ముఖానికి కొడుతుంటే కింద సముద్రం కనిపిస్తుంది. అక్కడినుంచి ఒడ్డుదాకా దాదాపు అంతా పల్లమే.

సందేశాలు ఈసారి రెండు వెళ్లాయి. యాత్ర అయిన మర్నాడు విరాళమిచ్చినవాళ్లకు ఒకటి: ఎంత వచ్చింది, గిఫ్ట్ ఎయిడ్ కింద ఎంత చేరుతుంది, కొండదగ్గర దిగి నడిచిన సంగతి. ఉద్యోగం ఊసు అందులో లేదు. అది రెండు వారాల తర్వాత, పనికి సంబంధించినవాళ్లకు మాత్రమే, కొత్తచోట ఏం చేస్తున్నాడో నాలుగు వాక్యాల్లో వెళ్లింది. దాని చివర సైకిల్‌మీద ఒక ముక్క ఉంది కానీ విరాళం లింకు లేదు. మొదటి సందేశం చేరిన గంటకు బావ దగ్గరినుంచి జవాబొచ్చింది. మొత్తంలో ప్రవేశ రుసుము కూడా కలిసింది, తీసేసి మళ్లీ పంపమని. డిజైనర్ తీసేసి మళ్లీ పంపాడు.